పాస్టరమ్మ పుస్తకం ఫ్రెంచ్‌లోకి... మీరు చేయగలరా?

ఒక చిన్న పరీక్షతో మొదలుపెడదాం. పాస్టర్ల భార్యల కోసం ఇంగ్లిష్‌లో రాసిన బైబిల్ స్టడీ పుస్తకం మీ ముందుంది అనుకోండి. అందులో ఒక వాక్యం: ‘సపోర్ట్ యువర్ హజ్బెండ్’. దీన్ని ఫ్రెంచ్‌లోకి మార్చాలి. ఫ్రెంచ్‌లో ‘సుపోర్తే’ అనే క్రియ ఉంది. స్పెల్లింగ్ చూస్తే ఇంగ్లిష్ మాటకు తోబుట్టువులా ఉంటుంది. ఆరు నెలలు ఫ్రెంచ్ నేర్చుకున్నవాళ్లు చాలామంది ఆలోచించకుండా అదే పెట్టేస్తారు. పుస్తకం అచ్చవుతుంది. కాంగోలోనో కామెరూన్‌లోనో ఒక పాస్టరమ్మ చేతికి చేరుతుంది. ఆమెకు అందులో కనిపించేది ‘మీ భర్తకు అండగా ఉండండి’ అని కాదు. ‘మీ భర్తను భరించండి’ అని!

అండగా నిలవడానికి ఫ్రెంచ్ మాట ‘సూత్‌నీర్’. ‘సుపోర్తే’ అంటే మనుషుల విషయంలో ముందు గుర్తొచ్చేది ఓర్చుకోవడం, సహించడం. నవ్వొస్తుంది నిజమే. కానీ ఆ పుస్తకాన్ని ఆమె ఒక్కతే ఇంట్లో కూర్చొని చదువుకోదు. స్త్రీల కూడికలో పాతిక మందికి చదివి వినిపిస్తుంది. ఆ పాతిక మందిలో ముందు రోజు రాత్రి మొగుడి చేతిలో దెబ్బలు తిన్న మనిషి కూడా ఉండొచ్చు. ఇంగ్లిష్‌లో రాసినావిడ అనని మాట, అనువాదం చేసినవాళ్ల తొందరపాటు వల్ల, దేవుడి పేరు మీద ఆ మనిషికి వెళ్తుంది.

కెరియర్ పేజీలో ఈ సంగతి ఎందుకంటారా? ఫ్రెంచ్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని మీలో చాలామంది వినే ఉంటారు. కాల్ సెంటర్ ‘ఫ్రెంచ్ ప్రాసెస్’ గురించి సీనియర్లు చెప్పే ఉంటారు. అనువాదం గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందులోనూ చర్చి పుస్తకాల అనువాదం ఒక పనిగా ఉందనీ, దానికి అనంతపురం, ధర్మవరం, గుత్తి పిల్లలకు పనికొచ్చే తెలివి ఇప్పటికే కొంత ఉందనీ చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. ఉన్న అవకాశం ఎంత, లేనిది ఎంత అన్నది విడదీసి చూద్దాం.

ఎవరు చదువుతారు?

ఫ్రెంచ్ అంటే పారిస్ అనుకోవడం మనకు అలవాటు. అంతర్జాతీయ ఫ్రాంకోఫోనీ సంస్థ 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఫ్రెంచ్ మాట్లాడేవాళ్లు 32 కోట్ల పైమాటే. వాళ్లలో పెద్ద వాటా ఆఫ్రికాలో ఉంది. కాంగో, ఐవరీ కోస్ట్, కామెరూన్, బెనిన్, టోగో... ఈ దేశాల్లో బడి భాష, ఆఫీసు భాష ఫ్రెంచే. చర్చిలూ ఎక్కువే. అయితే పాస్టర్లకు, వాళ్ల భార్యలకు ఉద్దేశించిన స్టడీ పుస్తకాలు ముందు ఇంగ్లిష్‌లో, అదీ చాలావరకు అమెరికాలో పుడతాయి. అక్కడి నుంచి ఫ్రెంచ్‌లోకి రావాలి.

పాస్టర్ల భార్యలకు ప్రత్యేకంగా ఎందుకు? మన ఊళ్లు చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అయ్యగారు బైబిల్ కాలేజీకి వెళ్లి చదివొస్తారు. అమ్మగారికి ఆ చదువు ఉండదు. కానీ పెళ్లయిన మర్నాటి నుంచి సండే స్కూల్ ఆమెదే, స్త్రీల కూడిక ఆమెదే. జ్వరమొచ్చిన ఇంటికి ప్రార్థనకు వెళ్లేది ఆమే, అత్తాకోడళ్ల గొడవ వినేదీ ఆమే. జీతం లేదు, శిక్షణ లేదు, బాధ్యత మాత్రం నిండుగా ఉంది. ఆఫ్రికాలో కూడా చాలాచోట్ల ఇదే తీరు. అందుకే ఆమె ఇంట్లో కూర్చొని, పని మధ్యలో కాసేపు తీసి చదువుకునేలా పాఠాలు తయారుచేస్తారు. ప్రశ్నలు, ఖాళీలు, వాక్యభాగాలు, ఒక చిన్న ప్రార్థన.

ఇక్కడే మీకు ఒక మెరుగు ఉంది. డిక్షనరీ తీస్తే పాస్టర్ భార్యకు ‘ఫామ్ ద పాస్తర్’ అని ఉంటుంది. అర్థం సరే, ఆత్మీయత లేదు. కాంగోలో జనం పిలిచే పిలుపు ‘మామాఁ పాస్తర్’. మక్కీకి మక్కీ, మన ‘పాస్టరమ్మ’. బెంగళూరు ఇంగ్లిష్ మీడియంలో చదివిన కుర్రాడికి ఆ పిలుపు వెనక ఉన్న గౌరవం, చనువు, చాకిరీ అర్థం కావడానికి వారం పట్టొచ్చు. పాస్టరమ్మ ఇంటి వరండాలో సండే స్కూల్ చదివిన పిల్లకు ఒక్క క్షణం చాలు. కంపెనీల భాషలో దీన్నే ‘డొమైన్ నాలెడ్జ్’ అంటారు. మన పిల్లలు రెజ్యూమెలో దీన్ని రాయరు. చర్చి సంగతి కదా, ఉద్యోగానికేం సంబంధం అనుకుంటారు. రాయాలి. క్రైస్తవులు కానివాళ్లు ఈ పని చేయకూడదనేం లేదు. చదివి తెలుసుకుంటే సరిపోతుంది. కానీ తెలిసినవాళ్లు తెలిసిందని చెప్పుకోకపోవడం నష్టం.

అనంతపురం నుంచి ఫ్రెంచ్?

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే మెట్ట నేల ఇది. వేరుశెనగ వేసి ఆకాశం వైపు చూడటం, కాయ నిలవకపోతే బెంగళూరు బస్సెక్కడం మీలో చాలా ఇళ్లలో చూసిన సంగతే. ఆ బస్సులో కూలి పనికి కాకుండా వేరే పనికి వెళ్లాలంటే చేతిలో ఏదో ఒక నైపుణ్యం ఉండాలి. కొందరికి అది భాష అయింది.

విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి మొదలుపెట్టిన ఆర్డీటీ గురించి ఈ జిల్లాలో ఎవరికీ పరిచయం చేయనక్కర్లేదు. ఆ సంస్థ గ్రామీణ పేద కుటుంబాల డిగ్రీ విద్యార్థుల కోసం అనంతపురంలో విదేశీ భాషల పాఠశాల నడుపుతోంది. ఇంగ్లిష్‌తోపాటు స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్ నేర్పే రెసిడెన్షియల్ శిక్షణ అది. అక్కడ చదివినవాళ్లు బెంగళూరు, హైదరాబాద్ కంపెనీల్లో విదేశీ భాషల ఉద్యోగాల్లో చేరారు. ప్రవేశం ఎప్పుడు, అర్హత ఏంటన్నది సంవత్సరాన్ని బట్టి మారుతుంది కాబట్టి నేరుగా సంస్థ కార్యాలయంలోనే అడగండి. మధ్యవర్తులకు పైసా ఇవ్వొద్దు.

ఇంకో మాట. మీలో కొందరు చిన్నప్పుడు స్పెయిన్‌లోని స్పాన్సర్‌కు ఉత్తరం రాసే ఉంటారు. ‘మా ఊర్లో వాన పడింది, మా మేక ఈనింది’ అని మీరు తెలుగులో రాసింది ఎవరో అనువాదం చేస్తేనే కదా అక్కడి వాళ్లకు అర్థమైంది? ఆ మేక మాట అటు చేరేసరికి మేకగానే ఉందా, గొర్రె అయిపోయిందా అన్నది ఆ అనువాదం చేసినవాళ్ల చేతిలో ఉంది. ఈ పని మీ జీవితంలో అప్పుడే ఉంది. మీరు గమనించలేదంతే.

చరిత్ర చూస్తే తెలుగు, ఫ్రెంచ్, క్రైస్తవ బోధ ఈ మూడూ కలవడం కొత్తేమీ కాదు. 18వ శతాబ్దంలో పుదుచ్చేరి నుంచి బయల్దేరిన ఫ్రెంచ్ జెస్యూట్లు ‘కర్ణాటక మిషన్’ పేరుతో రాయలసీమ ఊళ్లలోకి వచ్చారు. వాళ్లు ముందు తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ మిషన్‌కు చెందిన గస్తోఁ లోరాఁ కెర్దూ (1691–1779) తెలుగు–ఫ్రెంచ్–సంస్కృత నిఘంటువు కూర్చారు. బట్టల అద్దకం పనివాళ్ల దగ్గర మెళకువలు అడిగి తెలుసుకొని 1742లో ఫ్రాన్స్‌కు ఉత్తరం రాశారు. సంస్కృతానికి గ్రీకు, లాటిన్‌లతో చుట్టరికం ఉందని 1767లోనే పారిస్ పండితులకు రాసి పంపారు. ఈ సంగతిలో పేరు మాత్రం 1786లో మాట్లాడిన విలియం జోన్స్‌కు దక్కింది. కెర్దూ రాసింది అచ్చయ్యేసరికి 1808 వచ్చింది. ఆయన ఉత్తరాలు, నిఘంటువు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. ఒక మాటకు సరైన మాట కావాలంటే ఆయన గ్రంథాలనే కాదు, రంగుల తొట్టి దగ్గర నిల్చున్న మనిషిని కూడా అడిగారు. ఇప్పటి అనువాదకులకూ అదే పని.

ఇప్పుడు చేదు నిజం

అనువాద రంగంలో ఒక పాత నియమం ఉంది. ఎవరైనా తమ మాతృభాషలోకే అనువదించాలి. అంటే ఫ్రెంచ్‌లోకి అనువాదం ఫ్రెంచ్ మాతృభాషగా పెరిగినవాళ్లు చేయాలి. మీరు తెలుగులో పెరిగారు. ఎంత బాగా నేర్చుకున్నా ఫ్రెంచ్‌లో తుది మాట మీది కావడం కష్టం. కోచింగ్ సెంటర్లు ఈ ముక్క చెప్పవు.

అలాగని తలుపు మూసుకుపోలేదు. ఒక పుస్తకం ఫ్రెంచ్‌లోకి రావాలంటే ఒక్కరు చాలరు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17100 ప్రకారం అనువాదకుడు కాకుండా రెండో మనిషి మూలంతో పోల్చి చూడటం తప్పనిసరి. మొదటి డ్రాఫ్ట్ చేసేవాళ్లు, మెషీన్ ఇచ్చిన అనువాదాన్ని దిద్దేవాళ్లు, పదాల పట్టిక తయారుచేసేవాళ్లు, వాక్యభాగాల నంబర్లు సరిచూసేవాళ్లు, పేజీ పెట్టాక తప్పులు పట్టేవాళ్లు, ఎవరి పని ఎక్కడిదాకా వచ్చిందో చూసే ప్రాజెక్ట్ కోఆర్డినేటర్లు... వీటిలో చాలా పనులకు ఇంగ్లిష్, ఫ్రెంచ్ రెండూ చదివి పోల్చగల మనిషి చాలు. తుది దిద్దుబాటు కిన్షాసాలోనో అబీజాన్‌లోనో ఉన్న ఒక పాస్టరమ్మో, టీచరో చేస్తారు. నా లెక్కలో ఇదే న్యాయమైన పద్ధతి కూడా. చదవబోయేది వాళ్లు కదా.

అదే ప్రమాణం అనువాదకులకు అర్హత కూడా చెప్తుంది. అనువాదంలో డిగ్రీ ఉండాలి. లేదంటే వేరే ఏదైనా డిగ్రీ, దానితోపాటు రెండేళ్ల పూర్తికాల అనుభవం. డిగ్రీ లేకపోతే ఐదేళ్ల అనుభవం. బీకాం, బీఎస్సీ చదివిన మీరు రెండో దారిలో పడతారు. అంటే ఇప్పటి నుంచి చేసే ప్రతి పనికీ రుజువు దాచుకోవాలి.

తెలుగు ఎక్కడ సాయం, ఎక్కడ అడ్డం?

ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే ‘యూ’. ఫ్రెంచ్‌లో ‘త్యూ’, ‘వూ’ రెండున్నాయి. ఇంగ్లిష్ ఒక్కటే వచ్చినవాళ్లకు ఇది తలనొప్పి. మీకు కాదు. మన ‘నువ్వు’, ‘మీరు’ దాదాపు అలాగే నడుస్తాయి. ప్రార్థనలో దేవుణ్ని ‘నీవు’ అంటాం, పక్కింటి పెద్దాయన్ని ‘మీరు’ అంటాం. ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్లు కూడా దేవుణ్ని ‘త్యూ’ అంటారు. పుస్తకంలో పాఠకురాలిని పలకరించేటప్పుడు ‘వూ’, ప్రార్థన దగ్గరికొచ్చేసరికి ‘త్యూ’. ఈ మలుపు తెలుగు పిల్లలకు సహజంగా తెలుస్తుంది.

అడ్డం ఎక్కడంటే, మన భాషలో ఆర్టికల్స్ లేవు. ‘ల’, ‘లా’, ‘అఁ’, ‘యూన్’ ఎక్కడ పెట్టాలో, ఎక్కడ తీసేయాలో తెలుగువాళ్లకు ఏళ్లు పడుతుంది. ఇక రెండోది లింగం. ‘మీరు అలసిపోయారు’ అంటే తెలుగులో ఆడా మగా తేడా లేదు. ఫ్రెంచ్‌లో చదివేది ఆడమనిషి అయితే ‘ఫాతిగే’ చివర ఇంకో అక్షరం చేరాలి. వినడానికి రెండూ ఒకటే, కాగితం మీదే తేడా. చెవితో ఫ్రెంచ్ నేర్చుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే పడిపోతారు. మెషీన్ అనువాదం కూడా ఇలాంటిచోట మగవాడి రూపం పెట్టేస్తూ ఉంటుంది. మొత్తం పుస్తకం ఆడవాళ్ల కోసం రాసి, ప్రతి పేజీలో మగవాణ్ని పలకరించినట్టు ఉంటే, ఇది తన కోసం రాసింది కాదని ఆమెకు రెండో పేజీకే అనిపిస్తుంది.

‘సుపోర్తే’ లాంటి దొంగ చుట్టాలు ఇంకా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో ‘డిసెప్షన్’ అంటే మోసం. ఫ్రెంచ్‌లో అదే స్పెల్లింగ్‌తో ఉన్న ‘దెసెప్సియోఁ’ అంటే నిరాశ. సాతాను మోసం గురించి రాసిన పాఠం సాతాను నిరాశ గురించి అయిపోతుంది. ఇంకా ఘోరమైనది ‘కల్ట్’. ఇంగ్లిష్‌లో అది తప్పుడు బోధ చేసే గుంపు. ఫ్రెంచ్ ‘క్యుల్త్’ అంటే ఆదివారం ఆరాధన! ‘కల్ట్‌లకు దూరంగా ఉండండి’ అన్న హెచ్చరికను అలాగే దింపితే పాస్టరమ్మ తన సంఘానికి ఆరాధన మానేయమని చెప్పినట్టవుతుంది. అక్కడ రాయాల్సిన మాట ‘సెక్త్’.

ఇవన్నీ తప్పులని తెలిసే తప్పులు. అంతకన్నా కష్టమైనవి తప్పని తేల్చి చెప్పలేనివి. పెళ్లి గురించిన పాఠంలో ‘సబ్మిట్’ వచ్చిందనుకోండి. ఫ్రెంచ్‌లో ‘సూమెత్ర్’ అంటే లొంగదీయడం, ‘స సూమెత్ర్’ అంటే తనంతట తాను లోబడటం. ఒక్క ‘స’ తేడా. అనువాదకులు సిద్ధాంతం మార్చకూడదు, అది మన పని కాదు. కానీ మూలంలోని వాక్యం దెబ్బలు తినేవాళ్లను ఇంట్లోనే ఉండమన్నట్టు ధ్వనిస్తుంటే, ‘రచయిత్రి ఉద్దేశం ఇదేనా?’ అని పక్కన నోట్ రాసి ఎడిటర్‌కు పంపొచ్చు, పంపాలి. దీన్ని ‘క్వెరీ’ అంటారు. కొత్తవాళ్లు క్వెరీ పంపితే తమకు రాదనుకుంటారేమోనని భయపడతారు. అసలు సంగతి తిరగేసి ఉంటుంది. మంచి క్వెరీలు పంపేవాళ్లకే రెండో పుస్తకం ఇస్తారు.

వాక్యాన్ని మీరు అనువదించకండి

పుస్తకంలో బైబిల్ వచనం వచ్చినప్పుడు కొత్తవాళ్లు దాన్ని కూడా కూర్చొని అనువదిస్తారు. అక్కర్లేదు. అచ్చులో ఉన్న ఫ్రెంచ్ బైబిల్ నుంచి తీసి పెట్టాలి. ఏ బైబిల్ అన్నది ముందే అడగాలి. లూయి సెగోఁ అనువాదం, 1910 సవరణ, ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఇప్పటికీ బాగా వాడుకలో ఉంది. కాపీరైట్ కూడా లేదు. ‘సెమర్’ బైబిల్ భాష తేలిక, కానీ దానికి అనుమతి కావాలి. 2000లో వచ్చిన ‘పరోల్ ద వీ’ ఇంకా తేలిక, చిన్న వాక్యాల్లో ఉంటుంది. కాంగో పాస్టరమ్మకు ఫ్రెంచ్ మాతృభాష కాదని గుర్తుంచుకోండి. ఇంట్లో లింగాలా, స్వాహిలీ మాట్లాడి బడిలో ఫ్రెంచ్ నేర్చుకున్న మనిషి. మనకు ఇంగ్లిష్ ఎలాగో ఆమెకు ఫ్రెంచ్ అలాగ. మీరు నేర్చుకున్న కష్టమైన ఫ్రెంచ్ మాటలన్నీ చూపించడానికి ఇది చోటు కాదు.

నంబర్ల దగ్గర ఇంకో చిక్కు. తెలుగు బైబిల్లో, ఇంగ్లిష్‌లో కీర్తన 51:10 అని ఉన్న వచనం సెగోఁలో 51:12. కీర్తన పైన ఉండే శీర్షికను అక్కడ వచనాలుగా లెక్కేస్తారు మరి. చూడకుండా నంబర్ దింపితే ఆమె బైబిల్ తెరిచి వేరే వచనం చదువుతుంది. పేర్లూ అంతే. ఇంగ్లిష్ ‘జేమ్స్’ పత్రిక ఫ్రెంచ్‌లో ‘జాక్’, మనకు యాకోబు. అంకెలు కూడా దేశాన్ని బట్టి మారతాయి. ఫ్రాన్స్‌లో డెబ్బైని ‘సొవాసాఁత్ దీస్’ అంటే, బెల్జియం పాలించిన కాంగోలో ‘సెప్తాఁత్’ అంటారు.

ఒక్క క్రియ మార్చడానికి ఎంత కాలం పడుతుందో తెలియాలంటే ఫ్రెంచ్ కాథలిక్కుల పరలోక ప్రార్థన చూడండి. 1966 నుంచి వాడుతున్న రూపంలో శోధన గురించిన వాక్యం, దేవుడే మనుషుల్ని శోధనలోకి నెడుతున్నట్టు వినిపిస్తోందని అభ్యంతరాలు వచ్చాయి. చర్చలు జరిగి జరిగి చివరికి 2017 డిసెంబర్ 3న ఫ్రాన్స్‌లో కొత్త క్రియతో చెప్పడం మొదలుపెట్టారు. అర్ధ శతాబ్దం! మీ ఎడిటర్ ఒక మాట మీద మూడు రోజులు ఆగితే విసుక్కోకండి.

మెషీన్ చేసేస్తుంది కదా?

చేస్తుంది. బాగానే చేస్తుంది. గూగుల్, డీప్‌ఎల్ ఇప్పుడు ఇంగ్లిష్ నుంచి ఫ్రెంచ్‌లోకి ఇచ్చే ముసాయిదా చాలామంది ఫస్టియర్ విద్యార్థుల కంటే నయం. ‘సుపోర్తే’ తప్పును కూడా చాలాసార్లు చేయదు. అందుకే ‘నేను ఫ్రెంచ్‌లోకి మారుస్తాను’ అన్న ఒక్క మాటతో ఇకపై ఉద్యోగం రాదు. మెషీన్ ఇచ్చిన దానిలో ఎక్కడ అనుమానించాలో తెలిసినవాళ్లకే పని ఉంటుంది. పైన చెప్పిన లింగం తప్పు, కీర్తన నంబర్, చదివే మనిషి స్థాయికి మించిన భాష... ఇవి మీ కంట పడాలి. ‘ఒమేగాటీ’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ట్రాన్స్‌లేషన్ మెమరీ అంటే ఏంటో దానిమీద నేర్చుకోవచ్చు, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇంగ్లిష్ కంటే ఫ్రెంచ్ పాఠం సుమారు 15–20 శాతం పొడుగవుతుంది కాబట్టి జవాబు రాసే ఖాళీలు పక్క పేజీలోకి జారిపోతాయి. వాటిని సరిచేయడం కూడా ఈ పనిలో భాగమే.

డబ్బు సంగతి

మొహమాటం లేకుండా మాట్లాడదాం. చర్చి పుస్తకాల అనువాదం ఒక్కదాని మీదే బతకడం కష్టం. ఈ రంగంలో చాలా పని స్వచ్ఛందంగా జరుగుతుంది. ‘దేవుని పని కదా, డబ్బులెందుకు బ్రదర్’ అనేవాళ్లు మీకు తప్పకుండా ఎదురవుతారు. లెక్క వేసి చూడండి. వంద పేజీల పుస్తకంలో 30,000 పదాలు ఉంటాయనుకుందాం. అనుభవం ఉన్న అనువాదకులు సాధారణంగా రోజుకు 2,000 నుంచి 2,500 పదాలు చేస్తారు. కొత్తవాళ్లు రోజుకు 700 చేసినా గొప్పే. అంటే మీకు ఆరు వారాల పైన పని. బెంగళూరు హాస్టల్‌లో ఆరు వారాలకు అద్దె ఎంతో మీకే తెలుసు.

సేవగా చేయాలనిపిస్తే చేయండి, తప్పులేదు. కానీ అది మీ నిర్ణయం కావాలి. ఎన్ని పేజీలో, ఎప్పటికో, మీ పేరు పుస్తకంలో వేస్తారో లేదో, అనుభవ పత్రం ఇస్తారో లేదో ఈమెయిల్‌లో రాయించుకోండి. పరీక్షగా ఒకటి రెండు పేజీలు ఉచితంగా చేయడం మామూలే. ‘టెస్ట్’ పేరుతో ఒక అధ్యాయం అడిగితే అది టెస్ట్ కాదు. చెల్లింపు ఉంటే పదానికి ఇంత అని ఉంటుంది. మూలంలో పదాలు లెక్కిస్తారా, అనువాదంలోవా అని అడగండి. ఫ్రెంచ్ పొడుగు కాబట్టి తేడా పడుతుంది. ఇంకొకటి, అనుమతి లేకుండా ఎవరి పుస్తకాన్నీ అనువదించి పంచకూడదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం అనువాద హక్కు కూడా రచయితదే. ఆ అనుమతి పత్రం మీకు పని ఇచ్చేవాళ్ల దగ్గర ఉందో లేదో చూడటం మీకే మంచిది.

మరి ఇల్లు గడిచేదెలా? చాలామందికి పగలు ఒక కంపెనీలో ఫ్రెంచ్ కస్టమర్ సపోర్ట్, ఇన్వాయిస్ ప్రాసెసింగ్ లాంటి ఉద్యోగం. సాయంత్రాలు, ఆదివారాలు అనువాదం. రెండేళ్లకు చేతిలో నాలుగు పుస్తకాల పేర్లుంటే అనువాద ఏజెన్సీలకు, స్వచ్ఛంద సంస్థలకు అప్లై చేయొచ్చు. స్టడీ పుస్తకంలో నేర్చుకున్న మాటలు అక్కడా పనికొస్తాయి. ఉదాహరణకు ఇంగ్లిష్ ‘అకౌంటబిలిటీ’కి ఫ్రెంచ్‌లో అచ్చంగా సరిపోయే పాత మాట లేదు. చర్చి పుస్తకాల్లో, ఎన్జీఓ నివేదికల్లో ‘రదెవబిలితే’ అని వాడుతున్నారు. ఒకచోట నేర్చుకున్నది రెండోచోట అమ్ముడుపోతుంది.

ఎక్కడ నేర్చుకోవాలి?

మొదటి లక్ష్యం డీఈఎల్ఎఫ్ పరీక్షలో బీ2 స్థాయి. సున్నా నుంచి అక్కడికి సుమారు 600 గంటల చదువు పడుతుందని అంచనా. రోజుకు రెండు గంటలైతే పది నెలలు. ఫ్రాన్స్ విద్యాశాఖ తరఫున ఇచ్చే ఈ సర్టిఫికెట్‌కు గడువు తీరడం ఉండదు. అనువాదం చేస్తామంటే బీ2 ఆరంభం మాత్రమే, డీఏఎల్ఎఫ్ సీ1 వరకు వెళ్లాలి. బెంగళూరు, హైదరాబాద్ అలియాఁస్ ఫ్రాంసేజ్‌లలో తరగతులు, పరీక్షలు ఉంటాయి. పూర్తిస్థాయి డిగ్రీ కావాలంటే హైదరాబాద్ ఇఫ్లూలో బీఏ, ఎంఏ ఫ్రెంచ్ ఉన్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి ఫీజు మోయగలిగేలా ఉంటుంది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలోనూ ఎంఏ ఫ్రెంచ్ ఉంది. పుదుచ్చేరి అనగానే యానాం గుర్తొస్తుంది. గోదావరి ఒడ్డున తెలుగు మాట్లాడుతూ 1954 దాకా ఫ్రెంచ్ పాలనలో ఉన్న ఊరు అది. మారిషస్ తెలుగువాళ్లయితే ఇప్పటికీ ఉదయాన్నే ఫ్రెంచ్ పేపర్ చదువుతారు. మన నాలుకకు ఈ భాష పలకదేమో అన్న దిగులు అక్కర్లేదు.

ఇక ఈ వారం చేయగల పని ఒకటి. డబ్బు అవసరం లేదు. 51వ కీర్తనను తెలుగులో, ఇంగ్లిష్‌లో, సెగోఁ ఫ్రెంచ్‌లో పక్కపక్కన మూడు వరుసల్లో పెట్టుకోండి. మూడూ నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఫ్రెంచ్ ఇంకా రానివాళ్లు కూడా వచనాల నంబర్లు ఎక్కడ జారాయో గుర్తుపట్టగలరు. వచ్చినవాళ్లు ‘త్యూ’ ఎక్కడెక్కడ ఉందో గీత గీయండి. తర్వాత ఆ కీర్తన మీద పాస్టరమ్మలకు మూడు ప్రశ్నలు తేలిక ఫ్రెంచ్‌లో, ఆడవాళ్లను పలకరిస్తూ రాయండి. మెషీన్‌కు అవే ప్రశ్నలు ఇంగ్లిష్‌లో ఇచ్చి ఏం వస్తుందో చూడండి. మీరు రాసినదానికీ దానికీ తేడా ఉన్నచోట ఎవరిది సరైనదో, ఎందుకో రెండు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. ఎక్కడికైనా ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.